ఒహైయో మంచు వదిలి లాస్ ఏంజెలెస్ ఎండలోకి వెళ్లాలా? రెండు వారాల్లో చెప్పాలి

పవెల్_పంతులు
అందరికీ నమస్కారం. పదకొండేళ్లుగా కొలంబస్ దగ్గర పవెల్‌లో ఉంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో క్లాస్ చదివే పాప. నా జీతం ఏడాదికి 1,38,000 డాలర్లు. ఆవిడది 82,000, ఇంటి నుంచే పని, ఏ రాష్ట్రంలో ఉన్నా వాళ్ల కంపెనీకి అభ్యంతరం లేదు. ఇప్పుడు లాస్ ఏంజెలెస్‌లో, ఎయిర్‌పోర్ట్ పక్కన ఎల్ సెగుండోలో ఆఫర్ వచ్చింది. 1,95,000. వారానికి మూడు రోజులు ఆఫీసుకి వెళ్లాలి. సామాను తరలించుకోవడానికి 15,000 ఇస్తారట.

ఇక్కడి ఇంటి లోన్ వడ్డీ 2.875 శాతమే. టాక్సు, ఇన్సూరెన్సు కలిపి నెలకి 2,250 కడుతున్నాం. ఈ మాట ఎవరికి చెప్పినా ముందు కళ్లు పెద్దవి చేస్తారు, తర్వాత "ఆ ఇల్లు వదిలి వెళ్తారా, పిచ్చా?" అంటారు. నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఈ జనవరిలో పదిహేడు రోజులు వరసగా సూర్యుడు కనపడలేదు. నేను క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. అక్కడ ఉంటున్నవాళ్లు, ఉండి వచ్చేసినవాళ్లు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బీచ్ ఫొటోలు వద్దు.

డాలస్_డాలర్
బ్రదర్, డాలస్ పక్కన మా ఫ్రిస్కో వచ్చేయండి. స్టేట్ టాక్స్ సున్నా, ఎండకి లోటే లేదు. గుమ్మం దిగితే గోంగూర.

పవెల్_పంతులు
ఆఫర్ ఎల్ సెగుండోలో అండి, ఫ్రిస్కోలో కాదు :) పైగా మీ ఆగస్టు నేను చూశాను. కారు స్టీరింగ్ ముట్టుకుంటే వాత పడింది.

లెక్కల_మాస్టారు
జీతం చూసి మురిసిపోకండి, చేతికి ఎంత వస్తుందో చూడండి. ఉజ్జాయింపుగా వేశాను, తప్పుంటే దిద్దండి.

57,000 పెరుగుతోంది. అందులో ఫెడరల్ టాక్సు, సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌కి 16 వేల పైన పోతుంది. కాలిఫోర్నియా అనగానే 9.3 శాతం అని అందరూ గుండెలు బాదుకుంటారు గానీ, ఆ రేటు మీ ఇద్దరి ఆదాయంలో పై భాగానికి మాత్రమే. మొత్తం మీద ఆరున్నర శాతం దగ్గర తేలుతుంది. దానికి ఎస్‌డీఐ అనే రాష్ట్ర వైకల్య బీమా కోత కలపండి. ఒక శాతం పైచిలుకు, 2024 నుంచి పరిమితి లేకుండా జీతం మొత్తం మీద కోస్తున్నారు. ఇటు ఒహైయోలో స్టేట్ టాక్సు తగ్గుతూ వచ్చింది నిజమే, కానీ కొలంబస్ సిటీ ఇన్‌కమ్ టాక్సు 2.5 శాతం సంగతి పోల్చేటప్పుడు ఎవరికీ గుర్తుండదు. లాస్ ఏంజెలెస్‌లో సిటీ ఇన్‌కమ్ టాక్సు లేదు. అన్నీ పోగా రాష్ట్రాల మధ్య తేడా ఏడాదికి ఒక 11 వేలు. అంటే మీ చేతికి నెలకి 2,400 నుంచి 2,500 వరకు ఎక్కువ వస్తుంది.

ఇప్పుడు మంచి స్కూలున్న చోట మూడు బెడ్‌రూముల ఇల్లు అద్దెకి ఎంతో అక్కడివాళ్లని అడగండి. 4,600 అన్నారనుకోండి, మీ ఇప్పటి 2,250 తీసేస్తే 2,350. పెరిగిన జీతం పెరిగినట్టే ఓనర్ ఖాతాలో పడుతుంది. ఎండ మాత్రం ఉచితం.

సౌత్‌బే_సుబ్బలక్ష్మి
మాస్టారూ, 4,600 అని భలే చెప్పారు, మా పక్కింటి అద్దె అక్షరాలా అంతే.

పంతులు గారూ, మేం టొరెన్స్‌లో 14 ఏళ్ల నుంచి ఉన్నాం. మొదట మీరు మనసులోంచి తీసేయాల్సింది "లాస్ ఏంజెలెస్" అన్న మాట. అలాంటి ఊరు ఒకటి లేదు. ఆఫీసుకి అరగంట దూరంలో ఉన్న లాస్ ఏంజెలెస్ ఒకటి, గంటన్నర దూరంలో ఉన్నది ఇంకొకటి. రెండిటికీ పోలికే లేదు.

మనవాళ్లు ఎక్కువమంది అర్వైన్‌లో ఉంటారు. స్కూళ్లు బాగుంటాయి, రోడ్లు అద్దంలా ఉంటాయి, పిల్లలకి కూచిపూడి క్లాస్ కావాలంటే ముగ్గురు టీచర్లు దొరుకుతారు. అందుకని అందరూ మీకు అర్వైన్ అనే చెప్తారు. వినకండి. అక్కడి నుంచి ఎల్ సెగుండో 40 మైళ్ల పైన, అదీ 405 ఫ్రీవే మీద. మా ఆయన ఫ్రెండ్ ఒకాయన మూడేళ్లు అలా తిరిగాడు. ఉదయం 5:40కి బయల్దేరి, ఆఫీస్ పార్కింగ్‌లో కార్లోనే నిద్రపోయేవాడు. డిక్కీలో దిండు కూడా పెట్టుకున్నాడు. వాళ్ల బాబు ఒకసారి స్కూల్లో ఇంటి బొమ్మ వేసి, నాన్నని కారులో వేశాడట.

మీకు సరిపడేవి టొరెన్స్, రెడోండో బీచ్, ఎల్ సెగుండో, కొంచెం లోపలికి కల్వర్ సిటీ. టొరెన్స్ నుంచి 25 నిమిషాలు. రెడోండో బీచ్ స్టేషన్ దగ్గర ఉంటే మెట్రో కే లైన్ ట్రైన్ ఎల్ సెగుండో మీదుగానే పోతుంది, టికెట్ 1.75. శాన్ ఫెర్నాండో వ్యాలీ వైపు వెళ్లకండి, అక్కడి ఎండ మీరు కలలు కంటున్న ఎండ కాదు. 2020 సెప్టెంబర్‌లో ఉడ్‌ల్యాండ్ హిల్స్‌లో 121 డిగ్రీల ఫారెన్‌హీట్ కొట్టింది. ఆ రోజు మా ఇంట్లో ఫ్యాన్‌తో సరిపెట్టుకున్నాం. మధ్యలో ఉన్నది ఒక కొండ వరస, అంతే.

ఇంకోటి. మే, జూన్ నెలల్లో సముద్రం మీంచి మబ్బు వచ్చి మధ్యాహ్నం దాకా కదలదు. జూన్ గ్లూమ్ అంటారు. ఎండ కోసం వచ్చి జూన్‌లో దిగిన ప్రతివాళ్లూ మమ్మల్ని మోసగాళ్లని చూసినట్టు చూస్తారు.

హెచ్1బీ_పక్షి
అద్దె సంగతి తర్వాత. మీది ఏ స్టేటస్? గ్రీన్ కార్డ్ వచ్చిందా?

పవెల్_పంతులు
రాలేదండి. గ్రీన్ కార్డ్ కోసం కంపెనీ వేసే పిటిషన్, అదే ఐ-140, 2016లో అప్రూవ్ అయింది. ఆవిడ హెచ్‌4 ఈఏడీ, అంటే హెచ్1బీ వాళ్ల భార్యాభర్తలకి ఇచ్చే వర్క్ పర్మిట్ మీద పని చేస్తోంది. పాప అమెరికాలోనే పుట్టింది.

హెచ్1బీ_పక్షి
అయితే ఎండ కంటే ముందు ఇది చదవండి. ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్ కార్డ్ క్యూలో మీ స్థానం, మీ వెంట వస్తుంది, దానికి భయం లేదు. ఐ-140 అప్రూవ్ అయి 180 రోజులు దాటింది కనక, పాత కంపెనీ వెనక్కి తీసుకున్నా ఆ అప్రూవల్ రద్దు కాదు. కానీ కొత్త కంపెనీ పర్మ్, అంటే గ్రీన్ కార్డ్‌కి మొదటి మెట్టైన లేబర్ సర్టిఫికేషన్, మళ్లీ మొదట్నుంచి చేయాలి. ఈ రోజుల్లో దానికి ఏడాది పైనే పడుతోంది. ఆఫర్ లెటర్‌లో "చేరిన ఇన్ని నెలల్లో పర్మ్ మొదలుపెడతాం" అని రాయించుకోండి. నోటి మాట నమ్మి నేను రెండేళ్లు పోగొట్టుకున్నాను. మేనేజర్ మారాడు, కొత్తాయన "అలా ఎవరు చెప్పారు?" అన్నాడు.

చేరాక కూడా జాగ్రత్త. ఆఫీసుని వేరే మెట్రో ఏరియాకి మారిస్తే హెచ్‌1బీ అమెండ్‌మెంట్ వేయాలి. 2015 నుంచి ఇది ఖరాఖండి. "కొన్నాళ్లు ఒహైయో నుంచే పని చేస్తాను, తర్వాత వస్తాను" అని హెచ్‌ఆర్‌తో సరదాగా మాట్లాడకండి, లాయర్‌ని అడిగి మాట్లాడండి.

వెనక్కి_వచ్చినవాడు
అక్కడ నాలుగేళ్లు ఉండి షార్లెట్ వచ్చేశాను. నా అనుభవం నాది, ఎవరూ మీద పడకండి.

2019లో అపార్ట్‌మెంట్ తాళాలు తీసుకుని లోపలికి వెళ్తే వంటింట్లో ఫ్రిజ్ ఉండాల్సిన చోట ఖాళీ. గోడకి ప్లగ్గు, కింద దుమ్ము. ఎవరో ఎత్తుకుపోయారనుకుని మేనేజర్‌కి ఫోన్ చేశాను. ఆయన నవ్వాడు. ఇక్కడ ఫ్రిజ్ ఎవరిది వాళ్లే తెచ్చుకుంటారట. మూడు రోజులు పాలప్యాకెట్‌ని బాత్‌టబ్‌లో ఐసు మధ్య పెట్టుకున్నాం. మా అమ్మ వీడియో కాల్‌లో చూసి, "నెలకి అంత అద్దె కట్టి పాలు స్నానాల గదిలో పెట్టారా?" అంది. ఏసీ కూడా లేదు. హీటర్ ఇవ్వడం తప్పనిసరి, ఏసీ కాదు.

పార్కింగ్ ఒక్క కారుకే. రెండోది రోడ్డు మీద. వారానికి ఒక రోజు రోడ్డు ఊడ్చే బండి వస్తుంది, ఆ రెండు గంటల్లో కారు తీయకపోతే 73 డాలర్లు. మొదటి ఏడాది తొమ్మిది టికెట్లు కట్టాను. ఆ డబ్బుతో చిన్న ఫ్రిజ్ వచ్చేది.

కానీ డబ్బు వల్ల రాలేదు వెనక్కి. ఇల్లు కొనలేమని తేలాక వచ్చేశాను. కౌంటీలో మామూలు ఇల్లు 9 లక్షల దగ్గర ఉంటుంది, మంచి స్కూలు కావాలంటే 12, 13 లక్షలకి పైన. అద్దె ఇంట్లో గోడకి మేకు కొట్టాలన్నా ఓనర్‌ని అడగాలి. నలభై దాటాక అది నాకు సరిపడలేదు. ఇంకొకరికి అది అసలు విషయమే కాకపోవచ్చు. అయినా చెప్తున్నాను, జనవరి వచ్చిందంటే ఇప్పటికీ ఆ వెలుతురు గుర్తొస్తుంది.

లెక్కల_మాస్టారు
ఫ్రిజ్ విషయంలో చట్టం మారింది. 2026 జనవరి 1 తర్వాత రాసుకునే అద్దె అగ్రిమెంట్లకి పనిచేసే స్టవ్, ఫ్రిజ్ ఓనరే ఇవ్వాలి. డిపాజిట్ కూడా 2024 జులై నుంచి మామూలుగా ఒక నెల అద్దెకి మించకూడదు, చిన్న ఓనర్లకి కొంత మినహాయింపు ఉంది. అద్దె పెంపు మీద కూడా కట్టడి ఉంది. 15 ఏళ్లు దాటిన బిల్డింగుల్లో ఏడాదికి 5 శాతం, దాని మీద ద్రవ్యోల్బణం, మొత్తం 10 శాతం దాటకూడదు. అయితే ఒక మనిషి సొంతంగా అద్దెకిచ్చే విడి ఇళ్లు చాలావరకు దీని కిందకి రావు. మీరు చూసేవి అవే.

ఇల్లు కొన్నవాళ్లకి మాత్రం ఒక సుఖం ఉంది. 1978లో వచ్చిన ప్రాపొజిషన్ 13 వల్ల, టాక్సు లెక్కకి తీసుకునే ఇంటి విలువని ఏడాదికి 2 శాతం కంటే పెంచలేరు. అందుకే అక్కడ పాతవాళ్లెవరూ ఇల్లు అమ్మరు. అమ్మరు కనకే ధరలు అలా ఉన్నాయి.

పసదీనా_పద్మ
అగ్గి గురించి ఎవరూ అడగలేదేం? 2025 జనవరి 7 సాయంత్రం గాలి ఇంటి కిటికీలని విరగ్గొడుతుందేమో అన్నట్టు వీచింది. అటు పాలిసేడ్స్ మంటలు, ఇటు మా వెనక కొండ మీద ఈటన్ మంటలు. రెండూ కలిపి 16 వేలకి పైగా కట్టడాలు పోయాయి. మా ఇల్లు మిగిలింది. ఆల్టడీనాలో మా పాప వయొలిన్ టీచర్ ఇల్లు పోయింది. పొద్దున్న చూస్తే మా తులసికుండీ మీద బూడిద, అందులో సగం కాలిన పుస్తకం కాగితం ముక్క ఒకటి. ఎవరి ఇంటిదో. పారేయబుద్ధి కాలేదు, ఇంకా దేవుడి గూట్లోనే ఉంది.

వెళ్లొద్దని చెప్పడం లేదు, మేమూ ఇక్కడే ఉన్నాం. ఇల్లు చూసేటప్పుడు రాష్ట్ర అగ్నిమాపక శాఖ కాల్‌ఫైర్ మ్యాప్‌లో ఆ అడ్రస్ కొట్టి చూడండి. టొరెన్స్ లాంటి చదును ప్రాంతాల్లో ఈ భయం చాలా తక్కువ, కొండవాలులో ఎక్కువ. కొండల్లో ఇల్లు కొంటే మామూలు కంపెనీలు ఇన్సూరెన్స్ ఇవ్వక ఆఖరికి ఫెయిర్ ప్లాన్ అనే దానికి పోవాల్సి వస్తుంది. భూకంపానికి మామూలు పాలసీ వర్తించదు, అది విడిగా తీసుకోవాలి. 2019 జులై 5 రాత్రి రిడ్జ్‌క్రెస్ట్ దగ్గర 7.1 వస్తే ఇంత దూరంలో మా ఇంట్లో దీపం కుందె ఊగింది. కాసేపు నాకే కళ్లు తిరుగుతున్నాయనుకున్నాను.

డాలస్_డాలర్
అగ్గి, భూకంపం, 405. ఇంకోసారి చెప్తున్నా, ఫ్రిస్కో.

సౌత్‌బే_సుబ్బలక్ష్మి
మీకు సుడిగాలులు వస్తే బాత్‌టబ్‌లో పడుకుంటారటగా డాలస్ గారూ. మా వాళ్లు అందులో పాలు పెట్టుకున్నారు, అంతే తేడా.

పవెల్_పంతులు
అందరికీ థాంక్స్. లెక్కలన్నీ చూశాక నాకు వెళ్లకపోవడమే మంచిదనిపిస్తోంది. పైసా మిగలదు, పర్మ్ మళ్లీ మొదలు, పాప స్నేహితులు ఇక్కడ. కాలేజీకి కాలిఫోర్నియా రెసిడెంట్ ఫీజు ఆశ పెట్టుకున్నాను గానీ, దానికి పాప కాలేజీలో చేరడానికి ముందు తల్లిదండ్రులు ఏడాది పైన అక్కడే స్థిరంగా ఉండాలట. మాకు ఇంకా టైముంది, దాని కోసం తొందరపడక్కర్లేదు.

అసలు విషయం మొదట రాయలేదు. మా ఆవిడకి నవంబర్ నుంచి మార్చి దాకా బాగుండదు. డాక్టర్ 10,000 లక్స్ దీపం ముందు కూర్చోమన్నారు. పొద్దున్నే వంటింటి బల్ల మీద ఆ దీపం పెట్టుకుని, దాని ముందు కాఫీ తాగుతూ కూర్చుంటుంది. చూస్తే నాకు అదోలా ఉంటుంది. ఆవిడ ఎప్పుడూ వెళ్దామని అడగలేదు.

పంతులుగారి_భార్య
నా గురించి ఇక్కడ రాశారని తెలిసి అకౌంట్ తెరిచాను. ఇంట్లో చెప్పినా వినరు కనక ఇక్కడే చెప్తాను.

నేను అడగలేదు నిజమే. ఎందుకంటే ఎండ వస్తే బాగైపోతుందని నాకే గట్టి నమ్మకం లేదు. చదివి చూశాను, డిసెంబర్‌లో పగలు పవెల్‌లో 9 గంటల 20 నిమిషాలు, లాస్ ఏంజెలెస్‌లో 9 గంటల 53 నిమిషాలు. అరగంటే ఎక్కువ. మిగతాదంతా మబ్బు తేడా. ఇక్కడ నాకు ముగ్గురు స్నేహితులున్నారు. ఒకరు మా వీధి చివరే. మంచులో కూడా తలుపు కొట్టి "ఉప్మా చేశాను, రా" అంటుంది. అక్కడ ఎండ ఉంటుంది, తలుపు కొట్టేదెవరు?

సుబ్బలక్ష్మి గారూ, నాకు ఒక్కటి చెప్పండి. టొరెన్స్‌లో జనవరిలో సాయంత్రం నాలుగింటికి ఎలా ఉంటుంది?

సౌత్‌బే_సుబ్బలక్ష్మి
అమ్మా, ఈ ఫోరంలో ఇన్నేళ్లలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు.

నాలుగింటికి ఎండ ఏటవాలుగా పడి మా పెరట్లో నిమ్మచెట్టు సగం పచ్చగా, సగం నీడగా ఉంటుంది. జనవరిలోనే నిమ్మకాయలు ఎక్కువ, కోసి వీధి గుమ్మం దగ్గర డబ్బాలో పెడితే కావాల్సినవాళ్లు పట్టుకుపోతారు. పల్చటి స్వెటర్ చాలు. మా అత్తగారు విజయవాడ నుంచి వచ్చినప్పుడు ఆ టైముకి పార్కుకి నడిచి వెళ్లేది. అక్కడ ఒక జపాన్ ముసలావిడతో స్నేహం కుదిరింది. ఒకరి భాష ఒకరికి రాదు, అయినా రోజూ ఒకే బెంచీ. ఐదు దాటేసరికి చీకటి పడిపోతుంది, అది మాత్రం మీ దగ్గరలాగే. చీకటి పడగానే చలేస్తుంది, మన ఇళ్లకి గోడలు పల్చన.

తలుపు కొట్టేవాళ్ల గురించి అబద్ధం చెప్పను. ఇక్కడ ముందు ఫోన్ చేసి వస్తారు. మన సరుకులకి ఆర్టీషియా వెళ్లాలి, పయనీర్ బులవార్డ్ మీద అన్నీ దొరుకుతాయి, అరగంట పైన దారి. వేంకటేశ్వరస్వామి మాలిబు గుడిలో ఉన్నాడు, పేరు మాలిబు, ఉన్నది కాలబాసాస్ కొండల్లో. గంట. అందుకే ఆదివారం ఒకేసారి నాలుగు కుటుంబాలు కలిసి పోతాం, పులిహోర గిన్నె నాది. తెలిసినవాళ్లు దొరకడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లు ఎండ ఉన్నా ఏడ్చాను.

రాకముందు ఒకసారి వచ్చి ఉండి చూడండి. హోటల్లో కాదు, వంటిల్లున్న గదిలో.

పంతులుగారి_భార్య
ఈ శనివారం బయల్దేరుతున్నాను. పది రోజులు, ఒక్కదాన్నే. పని ఎలాగూ లాప్‌టాప్‌లోనే. ఆయన కంపెనీని ఇంకో వారం గడువు అడిగారు, ఇచ్చారు.

లెక్కల_మాస్టారు
ఫిబ్రవరిలో అక్కడ వాన ఎక్కువమ్మా, గొడుగు పెట్టుకోండి.

పంతులుగారి_భార్య
మాస్టారూ, మీ నోటి మాటే. దిగిన మర్నాడు మొదలై నాలుగు రోజులు కురిసింది. గదిలో కిటికీ కింద నీళ్లు కారితే తువ్వాలు కుక్కాను. ఎండ కోసం విమానమెక్కి వచ్చి, ఓ రోజు మధ్యాహ్నం నా దీపం గుర్తొచ్చి నవ్వాను. ఐదో రోజు తెరిపిచ్చింది. ఆకాశం కడిగినట్టుంది, వీధి చివర్నుంచి దూరంగా మంచు కొండలు కనపడ్డాయి. మంచు అక్కడుంది, నేను ఇక్కడ చెప్పులేసుకుని ఉన్నాను. అది బాగా నచ్చింది.

ఒకరోజు పొద్దున్న 8 గంటలకి కావాలని 405 ఎక్కాను. ఎల్ సెగుండోకి 31 నిమిషాలు. సరదాకి అర్వైన్ వైపు నుంచి వచ్చే దారి కూడా చూశాను, అంతా ఎర్ర లైట్లే. ఆ డిక్కీ దిండు ఆయన గుర్తొచ్చారు.

సుబ్బలక్ష్మి గారింటికి మూడుసార్లు వెళ్లాను. మూడోసారి ఫోన్ చేయకుండా వెళ్లాను. తలుపు తీశారు.

పవెల్_పంతులు
మూడు షరతులు పెట్టి నిన్న సంతకం చేశాను. ఆరు నెలల్లో పర్మ్ మొదలుపెడతామని లెటర్‌లో రాయించాను. పాప తొమ్మిది పూర్తయ్యాక జులైలో చేరతాను. వాళ్లు 1,95,000 కదల్చలేదు గానీ తరలింపు డబ్బు 22,000 చేశారు. పవెల్ ఇల్లు అమ్మట్లేదు, అద్దెకి ఇస్తున్నాం, 2,900 వస్తుందంటున్నారు. రెండు చలికాలాలు చూస్తాం. పాప మాత్రం మూడు రోజులుగా మాతో మాట్లాడటం లేదు.

వెనక్కి_వచ్చినవాడు
మంచిది. ఇల్లు ఉంచుకోవడం తెలివైన పని. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, రోడ్డు మీద ఏ రోజు ఊడుస్తారో బోర్డు చూసి, మొదటి రోజే ఫోన్‌లో అలారం పెట్టుకోండి.

పవెల్_పంతులు
అలాగే అన్నా. ఇంతకీ మా ఫ్రిజ్ తీసుకెళ్లాలా, వదిలేయాలా?

సౌత్‌బే_సుబ్బలక్ష్మి
ఫ్రిజ్ అద్దెకి వచ్చేవాళ్లకి వదిలేయండి, ఇక్కడ ఓనర్ ఇస్తాడు. గ్రైండర్ తెచ్చుకోండి. పాపకి ఏం ఇష్టమో నాకు మెసేజ్ పెట్టండి, జులైకి మా చిన్నదాన్ని సిద్ధం చేస్తాను. అదీ తొమ్మిదో క్లాసే.